ఆర్మా జట్టు వెంట: క్లోనిస్ నుంచి క్రోక్ పార్క్ దాకా

డబ్లిన్‌లో నాకు తెలిసిన తెలుగు కుటుంబాలకు క్రోక్ పార్క్ స్టేడియం బయటినుంచి బాగా తెలుసు. లోపలికెళ్లి గేలిక్ ఫుట్‌బాల్ చూసినవాళ్లు మాత్రం తక్కువ. మా ఆఫీసులో ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్మా కౌంటీకి చెందిన ఒక పెద్దాయన పుణ్యమా అని 2024 వేసవిలో మేం ఇంటిల్లిపాదీ ఆ జట్టు వెంట తిరిగాం. ఆ ఏడాది ఆర్మా ఆల్ ఐర్లండ్ కప్పు గెలిచింది. 2002 తర్వాత మళ్లీ అప్పుడే, మొత్తం చరిత్రలో రెండోసారి. అయినా మ్యాచ్‌కి ఎక్కడికి వెళ్లమంటారని ఎవరైనా అడిగితే, కప్పు అందుకున్న క్రోక్ పార్క్ కంటే ముందు, ఓడిపోయిన క్లోనిస్ పేరే చెబుతాను.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. జట్టుకు 15 మంది. బంతిని చేత్తోనూ కాలితోనూ ఆడొచ్చు. 2024లో ఉన్న నియమాల ప్రకారం అడ్డబద్ద పైనుంచి పోతే ఒక పాయింటు, కిందనుంచి వలలో పడితే గోల్, అంటే 3 పాయింట్లు. స్కోరు 1-11 అంటే ఒక గోల్, 11 పాయింట్లు, వెరసి 14. ఆడేవాళ్లెవరికీ జీతం లేదు. ఆదివారం 80 వేల మంది ముందు ఆడినవాడు ఆ తర్వాత మామూలుగా తన ఉద్యోగానికి వెళ్తాడు. అభిమానులకు వాళ్లు మా ఊరి పిల్లలే.

క్లోనిస్ మొనహన్ కౌంటీలో గుట్టల మీద ఉన్న చిన్న ఊరు. ఉత్తరాది కౌంటీల పోటీ అయిన అల్స్టర్ ఫైనల్ అక్కడి సెయింట్ టీర్నాక్స్ పార్క్‌లో జరుగుతుంది. రైలు లేదు, కారే దిక్కు. ఊరి బయట ఎక్కడో ఆపి, మ్యాచ్‌కి వచ్చిన జనంతో కలిసి నడవాలి. ఇక్కడ వీసా సంగతి చెప్పాలి. కావన్ నుంచి క్లోనిస్ వెళ్లే రోడ్డు మధ్యలో పలుమార్లు యూకేలో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లోకి వెళ్లి బయటికొస్తుంది. బోర్డు కూడా కనిపించదు, ఎవరూ ఆపరు. కానీ భారతీయ పాస్‌పోర్టు మీద ఐర్లండ్‌లో ఉంటున్నవాళ్లకు అటు అడుగుపెట్టాలంటే యూకే వీసా ఉండాలి. లేనివాళ్లు డబ్లిన్ నుంచి మొనహన్ ఊరి మీదుగా రావడం మేలు.

మే 12న అక్కడ డొనెగాల్‌తో ఆర్మా ఆడింది. గట్టు మీద నిలబడి చూశాం. రెండు రంగుల చొక్కాలూ కలిసే నిలబడతాయి, అభిమానులను వేరు చేసే కంచెలు ఉండవు. మా పక్కన ఒక డొనెగాల్ బామ్మ మా పాపకు బిస్కెట్లు పెడుతూనే ఆర్మా వాళ్లను తిట్టిపోసింది. అదనపు సమయం కూడా అయిపోయాక 0-20, 0-20. పెనాల్టీల్లో డొనెగాల్ 6-5తో గెలిచింది. 2022లో గాల్వే చేతిలో, 2023లో డెర్రీ చేతిలో, మొనహన్ చేతిలో, ఇప్పుడు మళ్లీ. మూడేళ్లలో పెనాల్టీల్లోనే నాలుగు ఓటములు. మా పెద్దాయన కారుదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "ఇంక నావల్ల కాదమ్మా" అని చివరికి మా ఆవిడతో అన్నారు. చుట్టూ నడుస్తున్న నారింజ చొక్కాల వాళ్లంతా కోచ్ కీరన్ మెగీనీ గురించే వాదించుకుంటున్నారు. 2002లో కప్పెత్తిన కెప్టెన్ ఆయనే. అయినా 2023లో ఆయనను కొనసాగించాలా వద్దా అని క్లబ్బులు ఓటు వేయాల్సి వచ్చింది. ఆ రోజు ఆ వాదన వినకపోతే జూలైలో వాళ్లెందుకు అలా ఏడ్చారో నాకు అర్థమయ్యేది కాదు.

క్లోనిస్‌లో సౌకర్యాలు అంతంతమాత్రం. టాయిలెట్లకు పెద్ద క్యూ, తిండి అంటే బండి దగ్గర చిప్స్, బర్గర్. శాకాహారులు పులిహోర కట్టుకెళ్లండి. వాన కోటు తప్పనిసరి, గట్టుకు పైకప్పు లేదు. రాత్రికి ఉండటానికి ఊళ్లో గదులు చాలా తక్కువ.

జూన్‌లో గాల్వేతో గ్రూపు మ్యాచ్‌కి స్లైగో వెళ్లాం. డ్రా అయింది, ఆర్మా గ్రూపులో మొదటి స్థానంలో నిలిచింది. బస విషయంలో మాకు బాగా నచ్చిన ఊరు ఇదే. డబ్లిన్ కొనొలీ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది, మ్యాచ్ జరిగే మార్కీవిచ్ పార్క్‌కి ఊళ్లోంచి నడిచి వెళ్లొచ్చు, మర్నాడు బెన్ బుల్బెన్ కొండ, స్ట్రాండ్‌హిల్ సముద్రం చూసుకోవచ్చు. పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇలాంటి తొలి దశ మ్యాచే సరైనది. టికెట్ సులువుగా దొరుకుతుంది, తోపులాట ఉండదు.

క్రోక్ పార్క్‌లో జూలై 13న కెర్రీతో సెమీఫైనల్ చూశాం. ఏర్పాట్లలో దీనికి వంక పెట్టలేం. సీట్లు, దారులు, పిల్లల వసతి అన్నీ పద్ధతిగా ఉంటాయి. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. కొనొలీ స్టేషన్ నుంచి నడక దూరమే. పొద్దున్నే వస్తే అక్కడి మ్యూజియం తప్పక చూడండి. 1920లో మ్యాచ్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపింది ఈ మైదానంలోనే. అప్పుడు చనిపోయిన ఆటగాడు మైకేల్ హోగన్ పేరే ఒక స్టాండుకు పెట్టారు. అది తెలిశాక ఆ స్టాండులో కూర్చోవడం వేరు. ఆర్మా అదనపు సమయంలో 1-18, 1-16తో గెలిచింది. పెనాల్టీలదాకా పోకుండా గెలిచారు, అది చాలు అనిపించింది మా వాళ్లకు.

ఆ రాత్రికి తీసుకున్న డబ్లిన్ శివారు హోటల్ మాత్రం మాకు నచ్చలేదు. మామూలు రోజుల రేటుకు రెండింతలు, పైగా గది శుభ్రంగా లేదు. మా ఇంట్లో బంధువులు దిగి ఉండటంతో తప్పలేదు. బయటినుంచి వచ్చేవాళ్లకు డండాక్ ఊరు మంచిది. బెల్‌ఫాస్ట్ రైలు అక్కడ ఆగుతుంది, ఐర్లండ్ వైపే కాబట్టి యూకే వీసా గొడవ లేదు.

ఫైనల్ టికెట్లు క్లబ్బుల ద్వారా పంచుతారు, మామూలుగా అమ్మరు. మాకు దొరకలేదు. యూకే వీసాలు ఉన్నాయి కాబట్టి జూలై 28న ఆర్మా పట్టణానికే వెళ్లాం. రైలు లేదు, పోర్టడౌన్‌లో దిగి బస్సు ఎక్కాలి. ఖర్చుకు పౌండ్లు కావాలి. ఎదురెదురు గుట్టల మీద సెయింట్ పాట్రిక్ పేరుతోనే రెండు కెథడ్రళ్లు, పిల్లలకు ప్లానెటేరియం, ఊరి చుట్టూ ఆపిల్ తోటలు. మేం దిగిన చిన్న బసలో ఇంటావిడ మాకోసం విడిగా గుడ్లు లేని టిఫిన్ చేసిపెట్టింది. అదీ డబ్లిన్ హోటల్ రేటులో సగానికే.

పబ్బులో టీవీ ముందు నిలబడటానికి కూడా చోటు లేదు. రెండో సగంలో ఆరన్ మెకే గోల్ కొట్టాడు. ఆఖరుకు గాల్వే మీద 1-11, 0-13. ఒక్క పాయింటు తేడా. మా పెద్దాయనకు ఒక్క టికెట్ దొరికింది, ఆయన క్రోక్ పార్క్‌లో ఉన్నారు. ఫోన్ చేసి ఏదో చెప్పబోయి ఏడ్చేశారు. మా ఆవిడ కూడా ఏడ్చింది. క్లోనిస్‌లో ఆయన పక్కన నడిచింది కదా.

మే నెలలో వాతావరణం ఎలా ఉన్నా అల్స్టర్ ఫైనల్‌కే వెళ్లండి. ముందు రోజే మొనహన్‌లో గది తీసుకుని, పొద్దున్నే బయల్దేరండి. మధ్యాహ్నం దాటితే కారు ఆపడానికి చోటు దొరకదు.