లోరెంట్జ్ సౌష్ఠవాన్ని పరీక్షించడానికి ఏది మేలు: గురుత్వ తరంగమా, చంద్రుడి మీది అద్దమా?

గురుత్వ తరంగాలంటే భారీ వస్తువులు ఢీకొన్నప్పుడు స్థలకాలంలో పుట్టే అలలు. వాటిని పట్టే లైగో-ఇండియా పరికరం రాబోయేది మన పక్కనే, మహారాష్ట్ర హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర. కేంద్రం 2023లో దానికి 2,600 కోట్లు మంజూరు చేసింది. ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగు పిల్లల్లో ఫిజిక్స్ మీద మనసున్నవాళ్లు ఈ పోలిక తెలుసుకోవాలి.

ఏ దిక్కుకు తిరిగినా, ఎంత స్థిరవేగంతో పోతున్నా భౌతిక నియమాలు మారవు. లోరెంట్జ్ సౌష్ఠవం అంటే ఇదే. గురుత్వంలో అది కొంచెం తప్పవచ్చనే సిద్ధాంతాలున్నాయి. విశ్వమంతా నిండిన ఈథర్ అనే క్షేత్రం ఉందనే ఐన్‌స్టైన్-ఈథర్ సిద్ధాంతం ఒకటి, 2009లో పీటర్ హొరావా ప్రతిపాదించింది మరొకటి.

గురుత్వ తరంగం కాంతి వేగంతోనే పోతుందా అన్న సంగతి 2017 ఆగస్టు 17న దాదాపు తేలిపోయింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నాయి. గురుత్వ తరంగం అందిన 1.7 సెకన్లకు గామా కిరణాలు (అవీ ఒక రకం కాంతే) వచ్చాయి. అంత దూరం వచ్చినా తేడా అంతే! రెండింటి వేగాల మధ్య తేడా ఉన్నా, వెయ్యి లక్షల కోట్లలో మూడు పాళ్లకు మించదని లెక్క తేల్చారు. గామా కిరణాలు ఎప్పుడు బయల్దేరాయో ఊహించుకుని వేసిన లెక్క ఇది, అయినా చాలా గట్టిది. కాకపోతే ఆ తరంగం ఒక్క దిక్కు నుంచే వచ్చింది. పైగా ఈథర్ సిద్ధాంతంలోని అంకెల్లో కొన్నింటినే అది బిగించింది, మిగతావి వదులుగానే ఉన్నాయి.

అక్కడే చంద్రుడు పనికొస్తాడు. 1969లో అపోలో 11 పెట్టిన అద్దాల మీదికి ఇప్పటికీ లేజర్ కొడుతున్నారు. కాంతి పోయి రావడానికి రెండున్నర సెకన్లు, దూరం మిల్లీమీటర్ల లెక్కన తెలుస్తుంది. మన సౌరకుటుంబం విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన నేపథ్య కాంతితో పోలిస్తే సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో పోతోంది. విశ్వంలో ప్రత్యేకమైన దిక్కంటూ ఉంటే, చంద్రుడి కక్ష్య ఆ దిక్కుకు కాస్తయినా లాగబడాలి. ఏళ్ల తరబడి కొలిచినా అలాంటి జాడ దొరకలేదు. జంటగా తిరిగే పల్సార్ల (గడియారంలా క్రమంగా రేడియో స్పందనలు పంపే న్యూట్రాన్ నక్షత్రాల) కొలతలు కొన్ని విషయాల్లో ఇంతకంటే కట్టుదిట్టం.

దిక్కుల పరీక్షకైతే ఇవాళ నా ఓటు చంద్రుడికే. వేగాన్నే మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే కొత్త సంగతి తక్కువ.

కానీ ఐన్‌స్టైన్ సిద్ధాంతంలో గురుత్వ తరంగం రెండు రకాలుగానే కంపిస్తుంది. ఈథర్ సిద్ధాంతంలో అయిదు రకాలు, హొరావాది తీసుకుంటే మూడు. ఆ అదనపు కంపనాలు చంద్రుడి అద్దంలో కనిపించవు. అమెరికాలోని రెండు లైగోలూ దాదాపు ఒకే వాటంగా ఉన్నాయి కాబట్టి వాటితోనే ఆ రకాలను విడదీయడం కష్టం. ఇటలీ, జపాన్ పరికరాలకు తోడు, భూమికి ఇవతలి వైపున్న ఔంఢా ఆ లోటు తీరుస్తుంది.