ఆగిపోయిన ఆఖరి నెల జీతానికి లోక్ అదాలత్: నా రేటింగ్ 4/5

మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. ముందే చెప్పి మానేసినా ఆఖరి నెల జీతం ఇవ్వకుండా సేటు ఊర్లో లేడు, సీజన్ అయిపోనీ, ఆడిటర్ చూడాలి అని తిప్పుకుంటూనే ఉన్నారు. మిల్లు పేరు రాయను, పైసలు వచ్చేశాయి. ఈ రివ్యూ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే లోక్ అదాలత్ నడిపే నల్గొండలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, ఎందుకంటే మనవాళ్లలో చాలామంది లోక్ అదాలత్ అంటే భూమి తగాదాలకూ మొగుడూపెళ్లాల పంచాయితీలకే అనుకుంటారు.

కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇవ్వొచ్చు, ఫీజు లేదు. ఎప్పుడు చేరాను, ఎంత జీతం, ఎప్పుడు మానేశాను, ఎంత రావాలి, ఇంతే, తెలుగులోనే రాసిచ్చాను. అపాయింట్‌మెంట్ లెటర్ మిల్లుల్లో ఎవరిస్తారు చెప్పండి! నెలనెలా జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటూ, మానేస్తున్నానని పెట్టిన వాట్సాప్ మెసేజ్ ప్రింటూ జత చేశాను. జీతం చేతికి తీసుకునేవాళ్లయితే వోచర్లు, హాజరు పుస్తకం పేజీలు ఉద్యోగంలో ఉన్నప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.

నోటీసు వెళ్లాక అసలు మజా. అన్నాళ్లూ ఫోన్ ఎత్తని సేటు తనే ఫోన్ చేసి, "ఏందయ్యా, గింత దానికి కోర్టు దాకా పోతరా" అన్నాడు. కూర్చోబెట్టి మాట్లాడించిన రోజు మేనేజర్ బస్తాల షార్టేజీ అని కొత్త లెక్క తీశాడు, నా జీతంలో కోయాలట. దానికి కాగితం ఏదని బెంచి అడిగితే జవాబు లేదు. రాజీనామా చేసినా సరే, రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలని వేతనాల కోడ్‌లో, అంటే జీతాల మీద కేంద్రం చేసిన చట్టంలో ఉంది, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ మాట కూడా అక్కడ చెప్పాను.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఇక్కడ ఇద్దరూ ఒప్పుకుంటేనే పని అవుతుంది. ఓనర్ మొండికేసి రాకపోతే మళ్లీ లేబర్ ఆఫీసులో క్లెయిమ్ వేసుకోవాల్సిందే, కోడ్ ప్రకారం దానికి మూడేళ్ల గడువు ఉంది. ఇంకోటి, అవార్డు, అంటే రాజీ షరతులతో లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు, అయ్యాక అప్పీలు ఉండదు. అది కోర్టు డిక్రీతో సమానం, డబ్బు ఎగ్గొడితే దాన్ని అమలు చేయించమని కోర్టుకు వెళ్లొచ్చు గానీ, బోనస్ మర్చిపోయానంటూ మళ్లీ లెక్క తిరగదోడటం కుదరదు. అందుకే రావాల్సినవన్నీ సంతకానికి ముందే రాయించండి, ఏ తేదీలోపు ఏ ఖాతాలో వేయాలో కూడా. పీఎఫ్ మాత్రం వేరే దారి, దాన్ని ఇందులో కలపకండి.

వకీలు కావాలంటే ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ఇస్తారు. అడగడానికి న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయొచ్చు.