శ్రీకాకుళంలో పాత గేర్ సైకిల్ కొంటున్నారా? ముందు వెనక చక్రం ఎత్తి తిప్పి చూడండి

పోయిన నవంబరులో శ్రీకాకుళంలో ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ గేర్ సైకిల్ కొన్నాను, 14,000 రూపాయలకి. షాపు పేరు రాయను, అడగొద్దు. ఇలా చేసేది ఆ ఒక్క షాపే అని కూడా నేననుకోవడం లేదు.

"ఫుల్ సర్వీస్ చేసిన బండి సార్, ఎక్కి తొక్కుకోవడమే" అన్నాడు షాపువాడు. బండి నిజంగానే అద్దంలా మెరుస్తోంది. కార్లు కడిగే ప్రెషర్ గన్‌తో కడిగితే మెరవక ఏం చేస్తుంది! ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఆదివారం అరసవల్లి, శ్రీకూర్మం, గార మీదుగా కళింగపట్నం లైట్‌హౌస్ దాకా వెళ్లాను. తొక్కినంతసేపూ బాగుంది. తొక్కడం ఆపితేనే గొడవ. చక్రం దొర్లుతుంటే పెడల్ ఆగాలి కదా, ఆగడం లేదు. కాలిని ముందుకి నెడుతోంది. కిందకి చూస్తే పైన బిగుతుగా ఉండాల్సిన చెయిన్ బట్టలారేసే తాడులా వేలాడుతూ ఫ్రేముకి టపటపా కొట్టుకుంటోంది. తిరుగు ప్రయాణంలో రెండుసార్లు చెయిన్ ఊడి గేరు దగ్గర ఇరుక్కుంది. చేతులు నల్లగా చేసుకుని ఇంటికొచ్చాను.

షాపుకి తీసుకెళ్తే "చెయిన్ సాగిపోయింది సార్" అని కొత్తది వేశాడు, 950. ఏమీ మారలేదు. మళ్లీ వెళ్లాను. ఈసారి "హబ్ (చక్రం నడిమి భాగం) పోయింది, చక్రం మొత్తం మార్చాలి, 4,800 అవుతుంది" అన్నాడు. కొని మూడు వారాలు కాలేదయ్యా అంటే, సాయంత్రం దాకా ఉంచండి చూస్తానన్నాడు. సాయంత్రానికి చెయిన్ వేలాడడం తగ్గింది. తొక్కడం ఆపినప్పుడు వచ్చే టిక్ టిక్ శబ్దం కూడా పోయింది. పట్టులా ఉందని మురిసిపోయి 300 ఇచ్చి వచ్చాను. ఆ శబ్దం పోవడమే అసలు ప్రమాదమని అప్పటికి నాకు తెలీదు.

డిసెంబరులో ఒక చలి ఉదయం నాగావళి వంతెన మీద ఆటోని దాటదామని సీటు మీంచి లేచి, బరువంతా వేసి తొక్కాను. పెడల్ గాల్లో తిరిగినట్టు ఒక్కసారిగా జారిపోయింది. వెనక చక్రానికి బలమే అందలేదు. ఛాతీ హ్యాండిల్‌కి కొట్టుకుని ఎడమ పక్కకి పడ్డాను. వెనకొస్తున్న ఆర్టీసీ డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి మోకాలికి నాలుగు కుట్లతో బయటపడ్డాను.

ఆమదాలవలసలో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కేసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) ఊడదీసి, ఇరుసు లాగి, లోపల వేలు పెట్టి చూపించాడు. వేలంతా ముదురు గోధుమ రంగు ముద్ద. "ఏటి బాబూ ఇది, లారీకెట్టే గ్రీజు తెచ్చి దీన్లో కుక్కీసినారు" అన్నాడు.

ఫ్రీహబ్ అంటే కేసెట్ కూర్చునే డొల్ల. దాని లోపల స్ప్రింగుల మీద లేచే చిన్న కొక్కేలుంటాయి, పాల్స్ అంటారు. తొక్కితే అవి లేచి పళ్లలో దిగి చక్రాన్ని తిప్పుతాయి. ఆపితే పళ్ల మీంచి జారుతూ టిక్ టిక్‌మంటాయి. నా బండిలో ప్రెషర్ గన్ నీళ్లు సీలు దాటి లోపలికి పోయి, బేరింగ్ బాల్సు తుప్పు పట్టి డొల్ల బిగుసుకుంది. చక్రంతో పాటు కేసెట్ కూడా తిరిగి చెయిన్‌ని ముందుకి తోసింది అందుకే. దాన్ని మరమ్మతు చేయకుండా షాపువాడు చిక్కటి గ్రీజు నింపాడు. చలికి గ్రీజు ఇంకా గట్టిపడి కొక్కేలు లేవకుండా అతుక్కుపోయాయి. మొదటి జబ్బు చిరాకు పెడుతుంది, రెండోది మనిషిని పడేస్తుంది. అక్కడ వాడాల్సింది పల్చటి నూనె, లేదా ఫ్రీహబ్ కోసమే తయారుచేసే పల్చటి గ్రీజు.

పెద్దాయన డీజిల్‌తో కడిగి చూశాడు గానీ బాల్సు గుంటలు పడిపోయాయి. మార్చింది ఆ డొల్ల ఒక్కటే. నా హబ్బులో అది 10 మి.మీ. అలెన్ కీతో ఊడి వచ్చేసింది. అదే మోడల్‌ది తెప్పించడానికి 1,050, కూలి 200. రిమ్ము, పుల్లలు అన్నీ పాతవే. 4,800 ఎక్కడ, ఇదెక్కడ!

కొనేముందు షాపులోనే వెనక చక్రం ఎత్తి పట్టుకుని, పెడల్ గట్టిగా తిప్పి టక్కున ఆపండి. పైన చెయిన్ వేలాడితే వద్దు. పెడల్‌ని వదిలేస్తే కొంచెం కదలడం మామూలే, కొత్త హబ్బులోనూ సీలు బిగువుకి కదులుతుంది. అనుమానంగా ఉంటే చక్రం ఊడదీయించి కేసెట్‌ని చేత్తో వెనక్కి తిప్పండి. ఇసుక నమిలినట్టు గరగరమంటే లోపల తుప్పే. చక్రం బిగించినప్పుడు పట్టేసి, క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకి బిగించే లివర్) వదులు చేయగానే తేలిగ్గా తిరిగితే మాత్రం ఇరుసు మీద బేరింగుల్ని అదిమి ఉంచే కోన్లు ఎక్కువ బిగించారని అర్థం, అది సరిచేస్తే పోయేదే. ఆఖరుగా వెనక బ్రేకు పట్టుకుని పెడల్ మీద బరువు వేయండి, కొంచెం వెనక్కి తిప్పి మళ్లీ వేయండి. పదిహేనుసార్లలో ఒక్కసారి జారినా ఆ బండి ఎక్కొద్దు. ఆరు, ఏడు గేర్ల చవక బండ్లలో చాలావాటికి ఫ్రీహబ్ ఉండదు, గేర్ల పళ్లు, కొక్కేలు ఒకే ముక్కగా ఉండే మర బిగింపు ఫ్రీవీలు ఉంటుంది. అది పోతే మొత్తం విప్పి కొత్తది వేయించుకోవడమే, దానికీ చక్రం మార్చక్కర్లేదు.

తీసేసిన పార్టులు అడిగి తెచ్చుకోండి. నా పాత చెయిన్ అడిగితే "పారేశాం" అన్నాడు, అది నిజంగా సాగిందో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు. బిల్లు కూడా రాయించుకోండి. నాకిచ్చింది పేరు లేని చీటీ, ఇప్పుడు యూపీఐ రసీదులే దిక్కు. వాటితోనే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి అర్జీ రాసుకుంటున్నాను. 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

నిన్న సాయంత్రం ఆ షాపు ముందు నుంచి వెళ్లాను. అలాంటివే ఇంకో రెండు మెరుస్తూ నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని వెనక హబ్బులోంచి గోధుమ రంగు గ్రీజు పుల్లల మీదకి కారుతోంది.