కిరండూల్ రైలా, నల్లమల పాత సొరంగానికి నడకా?

విజయనగరం జిల్లావారికి కొండ సొరంగాలు చూడాలనిపిస్తే రెండు మార్గాలున్నాయి. ఒకటి, 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ లైనులో అరకు దాకా రైలు ప్రయాణం. రెండవది, నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో, మీటర్ గేజిని (సన్న పట్టాల లైనును) బ్రాడ్ గేజిగా మార్చిన తర్వాత వదిలేసిన పాత బొగద సొరంగానికి అడవిదారిన నడక.

ఖర్చు: కిరండూల్ పాసింజరు రైలును శృంగవరపుకోటలో అందుకుంటే టిక్కెట్టుతో సరిపోతుంది. నల్లమలకైతే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో సుదీర్ఘ ప్రయాణం, బస, ఆటో, దారి తెలిసిన స్థానికుడి కూలి కలుస్తాయి.

శ్రమ: మొదటిదానిలో కిటికీ పక్క సీటు సంపాదించడమే పని, సెలవు రోజుల్లో అదీ తక్కువేమీ కాదు. రెండవదానికి అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

అపాయం: అసలు తేడా ఇక్కడే ఉంది. పాత సొరంగంలో కొద్ది అడుగులు వేయగానే వెలుతురు తగ్గుతుంది. గోడల నుండి ఊరే నీటికి, గబ్బిలాల రెట్టకు కాలికింది రాయి జారుతుంది, కప్పు నుండి పెళ్లలు రాలవచ్చు, కాబట్టి మనిషికి రెండు టార్చిలైట్లు ఉండాలి, వానాకాలంలో అసలు వెళ్లకూడదు. పైగా అది పులులు తిరిగే అడవి. రైలు ప్రయాణంలో ఇవేవీ లేవు. అయితే ఫోటోల కోసం దిగి పట్టాల వెంట సొరంగంలోకి నడవడం, ఇనుప ఖనిజం గూడ్సులు తిరిగే ఆ లైనులో ప్రాణాంతకమే కాక, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం నేరం.

పిల్లలతో, పెద్దవారితో ఒక్క ఆదివారంలో వెళ్లిరావాలనుకునేవారికి రైలే తగినది. శీతాకాలంలో మూడు నాలుగు రోజుల సెలవు, చేతిలో అనుమతి, నడక అలవాటున్న జట్టు, ఈ మూడూ ఉన్నవారు మాత్రమే నల్లమలకు బయలుదేరాలి.