స్లాబు వేసే మధ్యాహ్నం ‘దామిని’ ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరు తూర్పు అంచున, వర్తూరు దాటాక కడుతున్న ఒక అపార్ట్‌మెంటు సైటులో నేను ఇంజనీరుగా పని చేస్తున్నాను. మా దగ్గర సెంట్రింగు పనివాళ్లు, కడ్డీలు వంచేవాళ్లు చాలామంది అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవాళ్లు కావడంతో సైటులో పొద్దస్తమానం వినిపించేది తెలుగే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటాక పట్టుకునే ఉరుముల వాన మాకు రెండు విధాలా చేటు చేస్తుంది. పచ్చి కాంక్రీటును పాడు చేయడం ఒకటి. చుట్టుపక్కల అన్నిటికన్నా ఎత్తైన చోట, ఇనుప కడ్డీల మధ్య నిలబడిన మనుషుల మీదికి పిడుగును తేవడం రెండవది, అసలైనది. అందుకే మెరుపులు ఎక్కడ వస్తున్నాయో చూపే, ఉచితంగా దొరికే ‘దామిని’ యాప్‌ను, దానికి తోడు మన దేశపు ఇన్సాట్ ఉపగ్రహాలు పంపే మేఘాల చిత్రాలను, రెండు వేసవులుగా కలిపి వాడుతున్నాను. రాబోయే గంటలో ఏం జరుగుతుందో తేల్చుకోవడానికి ఇవి రెండూ కలిసి చేసినంత సాయం, డబ్బు కట్టి తీసుకున్న సేవ కూడా నాకు చేయలేదు. అయితే ఏది దేనికి పనికొస్తుందో తెలుసుకోకుండా వాడితే లేనిపోని ధైర్యం వచ్చే ప్రమాదం కూడా ఉంది కనుక ఈ సమీక్షను కొంచెం వివరంగా రాస్తున్నాను.

దీనికి ముందు మా కంపెనీ ఒక ప్రైవేటు వాతావరణ సేవకు ఏడాది చందా కట్టింది. అందులో గంట గంటకూ వాన పడే అవకాశం ఇంత శాతం అని కనిపించేది. ఒక మే నెల మధ్యాహ్నం అది ఇరవై శాతమే చూపిస్తుండగా మేము రెడీమిక్స్ లారీలను పిలిపించాం. సగం స్లాబు పోశాక వచ్చిన గాలివానకు సిమెంటు పాలు కారిపోయి కంకర పైకి తేలింది, ఆ భాగాన్ని మరుసటి రోజు చెక్కి తీసేయవలసి వచ్చింది. ఆ ఇరవై శాతం తప్పని నేను అనను, ఎందుకంటే అలాంటి ఐదు రోజుల్లో ఒక రోజు వాన పడితే ఆ అంకె నిజమైనట్టే. కాని ఇవాళ ఆ ఐదో రోజు అవునో కాదో తెలియాలంటే ఆ క్షణాన ఆకాశంలో ఉన్న మేఘాన్నే చూడాలి. ఇక్కడ వేసవిలో పడే మామిడి జల్లులు అలాంటివి. ఒక మేఘం గంట లోపే పుట్టి, పది కిలోమీటర్ల మేర కుమ్మరించి, అంతలోనే చెదిరిపోతుంది. వైట్‌ఫీల్డులో రోడ్లు మునిగిన సాయంత్రం కెంగేరిలో దుమ్ము కూడా అణగని రోజులు ఈ ఊళ్లో ఉండే వాళ్లందరికీ అనుభవమే.

దామినిని పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తయారు చేసింది. ఆ సంస్థ దేశంలో ఎనభైకి పైగా చోట్ల సెన్సర్లను అమర్చింది. మెరుపు పుట్టినప్పుడు వెలుగుతో పాటు రేడియో తరంగాలు కూడా వెలువడతాయి. అవి ఒక్కొక్క సెన్సరును చేరే సమయాల్లో ఉండే అతి చిన్న తేడాలను బట్టి మెరుపు ఎక్కడ పుట్టిందో లెక్క కడతారు. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది కనుక గడియారాలు ఎంత ఖచ్చితంగా ఉంటే చోటు అంత ఖచ్చితంగా తెలుస్తుంది. పొరపాటు 500 మీటర్ల లోపే ఉంటుందని ఆ సంస్థ చెబుతోంది. యాప్ తెరిస్తే మనమున్న చోటు చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయాలు, వాటిలో గత కొద్ది నిమిషాల్లో వచ్చిన మెరుపులు చుక్కలుగా, కొత్తవీ పాతవీ వేర్వేరు రంగుల్లో కనిపిస్తాయి. చాలామంది ఎన్ని చుక్కలున్నాయో మాత్రమే చూసి యాప్ మూసేస్తారు, కాని నా దృష్టిలో దీని విలువంతా ఆ రంగుల్లోనే ఉంది. పాత చుక్కల నుంచి కొత్త చుక్కల వైపు అద్దం మీద వేలితో ఒక గీత గీస్తే మేఘం ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది.

ఇక దీని హద్దు ఏమిటో చెప్పాలి. దామిని చూపేది అప్పటికే వచ్చిపోయిన మెరుపులను. దూరాన పుట్టి మన వైపు నడిచి వచ్చే మేఘం గురించి అది చక్కగా హెచ్చరించగలదు గాని, సరిగ్గా మన నెత్తి మీదే పెరుగుతున్న మేఘం తొలి మెరుపు విసిరే దాకా తెర ఖాళీగానే ఉంటుంది. ఇది తయారీలోని లోపం కాదు, ఆ సమాచారం తీరే అంత. తెర మీద చుక్కలు లేవు కనుక ప్రమాదం లేదని అనుకోవడం మాత్రం చాలా పెద్ద పొరపాటు.

ఆ లోటును ఉపగ్రహం చాలా వరకు తీరుస్తుంది. దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి మన దేశాన్ని ఎడతెగకుండా చూస్తున్న ఇన్సాట్-3డీఆర్, 2024 ఫిబ్రవరిలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్సాట్-3డీఎస్ ఒక్కొక్కటి అరగంటకోసారి చిత్రాలు పంపుతాయి. వాటిని వాతావరణ శాఖ, ఇస్రో వెబ్‌సైట్లలో ఎవరైనా చూడవచ్చు. వేడిమిని బట్టి తీసే పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) చిత్రంలో మేఘం పైభాగం ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా కనిపిస్తుంది. ఒక చిత్రంలో బూడిద రంగు మచ్చగా ఉన్నది తరువాతి చిత్రంలో తెల్లటి ముద్ద అయిందంటే ఆ మేఘం నిట్టనిలువుగా ఎదుగుతోందని అర్థం. అంత ఎత్తున, సున్నాకు పది ఇరవై డిగ్రీల దిగువ చలిలో, మంచు పలుకులూ మెత్తటి మంచు గుళికలూ ఒకదానికొకటి రాసుకున్నప్పుడే మేఘంలో విద్యుదావేశం పోగవుతుంది. అందుకే ఉపగ్రహం చూసే ఎదుగుదల మెరుపు కన్నా ముందు వస్తుంది.

అయితే ఉపగ్రహానికీ ఒక గుడ్డితనం ఉంది. మేఘం ముదిరాక దాని నెత్తిన మంచు తెర గొడుగులా విచ్చుకుని యాభై అరవై కిలోమీటర్ల మేర కప్పేస్తుంది. పై నుంచి చూస్తే అంతా ఒకే తెలుపు, కింద కురుస్తున్నది మాత్రం అందులో ఒక మూలనే. ఆ తెలుపులో ప్రాణమున్న చోటు ఏదో చూపేది మెరుపే. పైగా భూమధ్యరేఖ మీద ఉన్న ఉపగ్రహం మనల్ని కొంచెం ఏటవాలుగా చూస్తుంది కాబట్టి, పదిహేను కిలోమీటర్ల ఎత్తున్న మేఘం పైభాగం బెంగళూరు దగ్గర అసలు చోటు కన్నా దాదాపు నాలుగు కిలోమీటర్లు ఉత్తరాన ఉన్నట్టు కనిపిస్తుంది. మొదట్లో చిత్రమూ చుక్కలూ ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోక నేను తికమక పడింది దీనివల్లనే.

కిందటి మే నెలలో ఒక రోజు జరిగింది చెబుతాను. మధ్యాహ్నం రెండున్నరకు ఎండ నిప్పులు చెరుగుతోంది, స్లాబులో మూడో వంతు పోయడం అయింది. ఉపగ్రహ చిత్రంలో మాకు తూర్పునున్న మాలూరు మీద అంతకు ముందు లేని తెల్లటి ముద్ద ఒకటి కనిపించింది. దామినిలో ఇంకా ఏమీ లేదు. మూడు గంటల వేళ బయటి వలయంలో నాలుగు చుక్కలు పడ్డాయి, పది నిమిషాల్లో అవి పడమర వైపు జరిగి, సంఖ్యలో మూడింతలయ్యాయి. మెరుపులు ఇలా ఒక్కసారిగా పెరగడం మేఘం లోపల పైకి ఎగసే గాలి బలపడిందనడానికి గుర్తు, గాలివాన తరచు దాని వెనకే వస్తుంది. తరువాతి రెండు లారీలను ఆపమని ఫోన్ చేసి, పని నిలిపేద్దామని మేస్త్రితో అంటే ఆయన తల పైకెత్తి చూసి, “ఎండ ఇట్ల కాస్తావుంటే వాన యాడుంది సార్?” అన్నాడు. “ఇరవై నిమిషాలు ఆగి చూద్దాం అన్నా, ముందు పట్టాలు కప్పించు,” అన్నాను. మళ్లీ పోసేటప్పుడు అతుకు కుదిరేలా కాంక్రీటును ఒక చోట సరిగా తెంచి, పోసినంత మేర పట్టాలు పరిచి, క్రేను ఆపరేటరు దిగి వచ్చేసరికి మూడూ ముప్పావు అయింది. నాలుగు కాకముందే ఎర్ర దుమ్ము లేచింది, వెంటనే వడగళ్లు పడ్డాయి. చివరి చుక్క లోపలి వలయం దాటి బయటికి పోయాక కూడా అరగంట ఆగి గాని ఎవరినీ పైకి పంపలేదు. ఆ రోజు స్లాబు దక్కడం సంతోషమే గాని, నా మటుకు నాకు ముఖ్యమైన లెక్క వేరే ఉంది: ఆ నలభై నిమిషాల్లో పై అంతస్తు నుంచి ముప్పై ఒక్క మంది దిగారు. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు.

బెంగళూరులో ఈ పద్ధతి మరీ అక్కరకు రావడానికి ఒక కారణం ఉంది. చెన్నైకి 2002లోనే వాన మేఘాలను పసిగట్టే డాప్లర్ రాడార్ వచ్చింది, మన నగరం మాత్రం ఏళ్ల తరబడి సొంత రాడార్ లేకుండా గడిపింది. చెన్నై రాడార్ కిరణం 290 కిలోమీటర్లు దాటి ఇక్కడికి వచ్చేసరికి భూమి వంపు వల్ల సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తున పోతుంది కనుక, దాని కింద ఎదుగుతున్న మేఘం దానికి దొరకదు. రాడార్ చూడలేని చోట మెరుపుల సమాచారాన్నే ఆధారంగా తీసుకుని వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌కు మేఘాలు ఎక్కడున్నాయో చెప్పే పద్ధతి అమెరికాలో వాడుకలో ఉంది. అక్కడ 2016లో ప్రయోగించిన గోస్-16 ఉపగ్రహంలో సెకనుకు 500 చిత్రాలు తీసే మెరుపుల కెమెరాయే ఉంది. మన ఇన్సాట్-3డీఎస్‌లో చిత్రాలు తీసే ఇమేజరు, ఎత్తును బట్టి గాలి వేడినీ తేమనూ కొలిచే సౌండరు ఉన్నాయి గాని అలాంటి కెమెరా లేదు. ఇన్సాట్ కొలతల్లోని సూచనలను బట్టి సుమారు రెండున్నర గంటల ముందే మెరుపులను అంచనా వేసే విధానాన్ని హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం రూపొందించిందని 2025లో ఇస్రో ప్రకటించింది. అది దామిని తెర మీదికి వస్తే, ఇప్పుడు నేను రెండు కిటికీలు తెరిచి వేలితో గీసుకునే గీత యాప్‌లోనే వచ్చేస్తుంది. నేను గట్టిగా కోరుకునే మార్పు అదే.

వాడదలచుకున్న వాళ్లు ఫోన్‌లో లొకేషన్ తప్పక ఆన్‌లో ఉంచుకోవాలి, ఎందుకంటే వలయాలన్నీ దాని చుట్టూనే గీస్తుంది. పిడుగు నుంచి ఎలా కాపాడుకోవాలో, దెబ్బ తిన్న మనిషికి ఏ ప్రథమ చికిత్స చేయాలో చెప్పే పేజీ కూడా అందులో ఉంది. మేము దాన్ని చదివించి, అచ్చు వేసి షెడ్డులో అతికించాం.

ఆ రోజు తరువాత మేస్త్రి తన ఫోన్‌లో కూడా దామిని వేయించుకున్నాడు. ఆ సాయంత్రమే కళ్యాణదుర్గం దగ్గర బయలు మీద గొర్రెలు మేపుకునే తమ్ముడికి ఫోన్ చేసి, వాళ్లబ్బాయి చేత అదే యాప్ ఎక్కించుకోమని, చుక్కలు లోపలి గీత దాటి దగ్గరికి వస్తే చెట్టు కిందికి పోకుండా మందను తోలుకుని ఊళ్లోకి వచ్చేయమని, రెండు మూడు సార్లు గట్టిగా చెప్పాడు.