జంతువుల కార్డుల పెట్టె: బాగుంది, కానీ మాంటా కార్డు పాతబడింది

జంతువుల వర్గీకరణ నేర్పే కార్డుల ఆట ఇది. చెరో కార్డు తీసి తరగతి, క్రమం, కుటుంబం, ఎంత ప్రమాదంలో ఉంది అన్న గడులు పోల్చుకోవాలి. ఎక్కువ ప్రమాదంలో ఉన్న జంతువు ఎవరి దగ్గరుంటే పాయింటు వాళ్లది. నెల రోజులుగా మా తొమ్మిదేళ్ల అమ్మాయితో ఆడుతున్నాను. అట్టలు గట్టివి, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి.

నిన్న తనకి జెయింట్ మాంటా రే అనే పెద్ద సముద్రపు చేప, నాకు మడగాస్కర్ దీవిలో ఉండే రింగ్ టెయిల్డ్ లెమూర్ వచ్చాయి. రెండింటి మీదా "పిల్లల్ని కంటుంది" అని ఉండటంతో మాంటాని తీసుకెళ్లి క్షీరదాల దొంతరలో పెట్టేసింది. తన తప్పేం లేదు. మాంటా గుడ్లు తల్లి కడుపులోనే పొదిగి పిల్ల బయటికొస్తుందని, పుట్టాక పాలివ్వడమంటూ ఉండదని కార్డులో ఒక్క ముక్కైనా రాయాల్సింది. మాంటా ఎముకల్లేని మృదులాస్థి చేప, సొరచేపల చుట్టం. లెమూర్ ప్రైమేట్. అంటే మన క్రమమే. కానీ కార్డులో రాసినట్టు కోతి మాత్రం కాదు, కోతులది వేరే శాఖ.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ప్రమాదం గడి. మాంటాకి "వల్నరబుల్" (ముప్పు పొంచి ఉంది) అని వేశారు. అది ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2011లో వేసిన అంచనా. ఇప్పుడు అదీ లెమూర్ లాగే అంతకంటే ఒక మెట్టు ఎక్కువ ప్రమాదమైన "ఎండేంజర్డ్". శాస్త్రీయ నామం కూడా పాతదే: 2017లో మాంటా ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపుని) మోబులా అనే ప్రజాతిలో కలిపేశారు. పాయింటు నాకొచ్చింది గానీ న్యాయంగా అది సమానం.

కారణాల గడి అసలు లేదు. మడగాస్కర్‌లో అడవి నరికి, కాల్చేస్తుంటే లెమూర్‌కి నిలువ నీడ పోతోంది. వేట, పెంచుకోవడానికి పట్టుకెళ్లడం పైన. మాంటాని మొప్పల పలకల కోసం చంపుతున్నారు, వేరే చేపలకి వేసిన వలల్లోనూ చిక్కుతోంది. లెమూర్ దాదాపు ఏటా ఒక పిల్లని కంటుంది. మాంటా కనేదీ ఒక్కటే, అదీ కొన్నేళ్లకోసారి. పోయినవాటి లోటు తీరడం ఎంత కష్టమో పిల్లలకి తెలియాలంటే ఈ లెక్క కావాలి.

పక్కన పెద్దవాళ్లు కూర్చునేట్టయితే కొనండి. మా మాంటా కార్డు మీద పాత మాట కొట్టేసి, ఎర్ర పెన్నుతో "ఎండేంజర్డ్" అని అమ్మాయే రాసింది. పాయింటు వెనక్కిచ్చేశాను.