కేదార్‌కంఠలో చలి కింద నుంచి వచ్చింది

ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎక్కడానికి బావతో కలిసి బయల్దేరాను. నడక మొదలయ్యే సాంక్రీ ఊరు డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లే. కొండదారి కాబట్టి పగలంతా జీపులోనే గడిచింది. ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా నగదు దారిలో పురోలాలోనే తీసుకున్నాం. సాంక్రీలో బస చేసిన చెక్క ఇంట్లో బరువైన రజాయిలు, వేడివేడి రాజ్మా అన్నం. ఆవకాయ మేం తీసుకెళ్లిందే. ఆ బసకు వంక పెట్టలేను.

అసలు కథ సామానుది. డిసెంబర్‌లో మంచు మీద పడుకోవాలి, ఏడాదికి ఒక్కసారి వేసే టెంట్‌కు వేలు పోయడం ఇష్టం లేదు. అందుకే టెంట్, స్లీపింగ్ బ్యాగ్, బూట్లకు తొడిగే ఇనుప ముళ్లు సాంక్రీలో అద్దెకు తీసుకున్నాం. స్వెటర్లు హైదరాబాద్‌లో టిబెటన్ల దగ్గర కొన్నవే. బూట్లు మాత్రం సొంతంగా కొని, రెండు నెలలు కేబీఆర్ పార్కు చుట్టూ తొక్కి మెత్తబరిచాను. ఒక్క బొబ్బ రాలేదు.

నేను పిసినారితనం చూపింది స్లీపింగ్ బ్యాగ్ కింద పరిచే మ్యాట్ దగ్గర. ఇంట్లో యోగా మ్యాట్ ఉందిగా అనుకున్నాను. దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు దగ్గర టెంట్‌లో మొదటి రాత్రి పైన వెచ్చగానే ఉంది, వీపు మాత్రం గడ్డకట్టింది. మన బరువుకు బ్యాగ్ కింది దూది అణిగిపోతుంది, అందులో గాలి నిలవదు, ఇక వెచ్చదనం ఎక్కడిది? మందపాటి ఫోమ్ మ్యాట్ మీద బావ గురక పెడుతున్నాడు. నేను రెయిన్‌కోటు, ఖాళీ చేసిన బ్యాక్‌ప్యాక్ కింద పరుచుకుని తెల్లవార్లూ దొర్లాను. పొద్దున మా గైడ్ తన దగ్గర మిగిలిన మ్యాట్ ఇచ్చాడు. రెండో రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

అద్దె బ్యాగ్ మీద మైనస్ 10 అని రాసి ఉంది. లేబుల్ సరిగ్గా చదివితే అది 'లిమిట్' అంకె, అంటే ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడపగల చలి. హాయిగా నిద్రపట్టేది 'కంఫర్ట్' అంకె దగ్గర, అది చూసి తీసుకోవాలి. పైగా జిప్ సగంలో ఇరుక్కుంది. దుకాణంలోనే లోపల దూరి పడుకుని, జిప్ రెండుసార్లు లాగి చూడాల్సింది.

వంట స్టవ్‌కు కావాల్సిన గ్యాస్ డబ్బాలు విమానంలో రానివ్వరు, డెహ్రాడూన్‌లో కొన్నాం. మాకు దొరికింది ఒట్టి బ్యూటేన్. సున్నా డిగ్రీల దగ్గర అది సరిగ్గా ఆవిరి కాదు, మంట గుడ్డిదీపంలా ఉంది. డబ్బాను జాకెట్‌లో పెట్టుకుని వెచ్చబెట్టాకే స్టవ్ సరిగ్గా మండింది. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది దొరికితే అదే కొనండి. ఆ ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు ఉడకదు. అటుకుల ఉప్మానే మమ్మల్ని బతికించింది.

శిఖరం సుమారు 12,500 అడుగులు. ఎదురుగా స్వర్గారోహిణి. ధర్మరాజు కుక్కతో ఎక్కిన కొండ అదేనంటారు. "ఆయన మ్యాట్ అద్దెకు తీసుకున్నాడంటావా?" అన్నాడు బావ.

సాంక్రీలో సామాను తిరిగి ఇస్తూ జిప్ సంగతి చెప్పాను. దుకాణం అబ్బాయి నవ్వి, ఆ బ్యాగ్‌ను మళ్లీ అదే కుప్ప మీదకి విసిరాడు. పక్కనే పుణె కుర్రాడొకడు దాని మీద చెయ్యి వేశాడు. "భాయ్, జిప్ చూసుకో" అన్నాను.